మనసు బాగుండాలంటే... చోటు బాగుండాలి!

ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న కొడుక్కి, హాస్టల్లో బెంగ పెట్టుకున్న కూతురికి, వృద్ధాశ్రమంలో చేరిన పెద్దాయనకి... అందరికీ మనం చెప్పే మాట ఒక్కటే: ‘మనసు గట్టి చేసుకో’. మిల్లుల్లో, ఆఫీసుల్లో, పొలాల్లో, బడుల్లో, ఆసుపత్రుల్లో దాదాపు వందేళ్లుగా సాగుతున్న పరిశోధనలు చూస్తే ఆ సలహా సగమే నిజమనిపిస్తుంది. మిగతా సగం ఆ మనిషి రోజూ మసలే చోటులో ఉంది. అక్కడ పలకరించేవాళ్లున్నారా, తన మాట చెల్లుతోందా, పొద్దున లేస్తే చెయ్యడానికి ఏదైనా పనుందా అన్నదాన్ని బట్టే మనసు నిలబడటమో కుంగిపోవడమో జరుగుతోంది.

మిల్లు మూతపడితే నడక మారింది

1931 చివర్లో వియన్నా నుంచి కొందరు యువ పరిశోధకులు ఆస్ట్రియాలోనే ఉన్న మారియెంతాల్ అనే చిన్న ఊరికి వచ్చారు. ఆ ఊరికి ఆధారం ఒక బట్టల మిల్లు. 1930లో అది మూతపడటంతో దాదాపు ఊరంతా పని పోగొట్టుకుంది. పాతికేళ్లు కూడా నిండని మారీ యహోదా, ఆమెతోపాటు పాల్ లాజర్స్‌ఫెల్డ్, హన్స్ జైజెల్, వాళ్ల సహచరులు అక్కడి 478 కుటుంబాల బతుకును దగ్గరనుంచి చూశారు. ప్రశ్నల కాగితాలు పట్టుకుని గుమ్మం గుమ్మం తిరగడంతో సరిపెట్టలేదు. పాత బట్టలు సేకరించి పంచారు. వైద్యుణ్ని పిలిపించి పరీక్షలు చేయించారు. ఆడవాళ్లకు కుట్టుపని నేర్పించారు. ఆ పనుల మధ్యలోనే ఎవరేం తింటున్నారు, ఏం మాట్లాడుకుంటున్నారు, పొద్దంతా ఎలా గడుపుతున్నారు అన్నది రాసుకున్నారు.

ఊరి ప్రధాన వీధి కనిపించే కిటికీ పక్కన గడియారం పెట్టుకుని కూర్చుని, వచ్చేపోయేవాళ్ల నడకను కూడా కొలిచారు. మగవాళ్లు మెల్లగా, నాలుగడుగులకోసారి ఆగుతూ నడుస్తున్నారు. ఆడవాళ్లు చకచకా వెళ్లిపోతున్నారు. ఆడవాళ్లకు ఇంటి పని ఎక్కడికీ పోలేదు, మగవాళ్లకేమో వెళ్లాల్సిన చోటే లేదు. చాలామంది మగవాళ్లు గడియారం దగ్గరుంచుకోవడం కూడా మానేశారు. రోజంతా ఏం చేశారో గంటగంటకూ రాయమంటే పిల్లల్ని నిద్రలేపింది, మధ్యాహ్నం తిన్నది, రాత్రి పడుకున్నది రాయగలిగారు. మధ్యలో గంటలకు గంటలు ఎలా పోయాయో వాళ్లకే తెలియదు.

పని లేకపోతే కనీసం చదువుకోవడానికైనా తీరిక దొరుకుతుందని అనుకుంటాం కదా! అక్కడి గ్రంథాలయం పుస్తకాలకు రుసుము కూడా ఎత్తేసింది. అయినా రెండేళ్లలో పుస్తకాలు తీసుకెళ్లడం సుమారు సగానికి పడిపోయింది. పార్టీలు, సంఘాల్లో తిరిగేవాళ్లూ తగ్గిపోయారు. క్రిస్మస్‌కి ఏం కావాలో రాయమంటే పిల్లలు కూడా తమ కోరికలను కుదించుకున్నారు. అమ్మానాన్నల దగ్గర డబ్బుంటే ఫలానాది అడిగేవాళ్లమని రాశారు తప్ప, ఫలానాది కావాలని సూటిగా రాయలేకపోయారు.

ఈ పరిశోధన 1933లో పుస్తకంగా వచ్చింది. యహోదా ఆ తర్వాత జైలుకెళ్లింది, దేశం విడిచింది, ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయింది. మారియెంతాల్ మాత్రం ఆమెను వదల్లేదు. ఉద్యోగం మనిషికి జీతం ఒక్కటే ఇవ్వదని, పైకి కనిపించని మరో ఐదు ఇస్తుందని ఆమె తేల్చింది. రోజుకో క్రమం, ఇంటి బయటి మనుషులతో పరిచయం, నలుగురితో కలిసి ఏదో సాధిస్తున్నామన్న భావన, సమాజంలో ఓ గుర్తింపు, చేతినిండా పని... ఇవే ఆ ఐదు. మారియెంతాల్ మహిళల్లో చాలామంది ఇంటి చాకిరీ రెట్టింపైనా సరే మళ్లీ మిల్లుకు వెళ్లాలనే కోరుకోవడానికి కారణం కూలి డబ్బు ఒక్కటే కాదు.

ఈ ఐదింటినీ పట్టుకుని హైదరాబాద్ చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళ్లి చూడండి. గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివే నిరుద్యోగులతో అక్కడి కుర్చీలు పొద్దున్నే నిండిపోతాయి. మారియెంతాల్‌లో గ్రంథాలయం ఖాళీ అయితే ఇక్కడ కిక్కిరిసిపోయింది. జీతం లేకపోయినా ఈ పిల్లలు తమకు తామే ఓ టైమ్‌టేబుల్, ఓ స్నేహబృందం, ఓ లక్ష్యం ఏర్పాటు చేసుకున్నారు. నోటిఫికేషన్ వాయిదా పడినప్పుడల్లా, పరీక్ష రద్దయినప్పుడల్లా వాళ్లు పోగొట్టుకునేది కోచింగ్ ఫీజు మాత్రమే కాదు. రోజుల్ని నిలబెడుతున్న ఆ క్రమమే కూలిపోతోంది. నియామక బోర్డుల్లో కూర్చున్నవాళ్లు ఈ నష్టాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

మారియెంతాల్ ఇప్పుడు గ్రామట్‌నాయిసీడెల్ అనే ఊళ్లో భాగం. 2020 అక్టోబరులో అక్కడే ఇంకో ప్రయోగం మొదలైంది. ఏడాదికి పైగా పని దొరకని ప్రతి ఒక్కరికీ ప్రభుత్వ ఉపాధి సంస్థ ఉద్యోగానికి హామీ ఇచ్చింది. ఆక్స్‌ఫర్డ్ ఆర్థికవేత్తలు ఫలితాలను కొలిచారు. ఆదాయంతోపాటు రోజువారీ క్రమం, స్నేహాలు, సమాజంలో గౌరవం కూడా మెరుగయ్యాయి. శారీరక ఆరోగ్యంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. యహోదా చెప్పిన ఐదూ ఊహలు కావని తొంభై ఏళ్ల తర్వాత అదే ఊరు రుజువు చేసింది.

టెన్షన్ పైవాడికా... కిందివాడికా?

‘పెద్ద పదవి, పెద్ద టెన్షన్. బీపీలు, గుండెపోట్లు పెద్ద ఆఫీసర్లకే వస్తాయి’ అని చాలామంది నమ్మకం. లండన్‌లో ప్రభుత్వ కార్యాలయాలు కొలువుదీరిన వీధి పేరు వైట్‌హాల్. అక్కడి ఉద్యోగుల మీద 1967లో మొదలైన అధ్యయనం ఈ నమ్మకాన్ని తలకిందులు చేసింది. సుమారు 18,000 మంది మగ ఉద్యోగులను ఏళ్ల తరబడి గమనిస్తే, కాగితాలు మోసే, తలుపుల దగ్గర నిలబడే అట్టడుగు ఉద్యోగుల్లో మరణాల రేటు పై అధికారుల కన్నా మూడు రెట్లు ఉంది. మధ్యలో ఉన్నవాళ్లు మధ్యలోనే ఉన్నారు. మెట్టు దిగే కొద్దీ ఆరోగ్యమూ దిగింది.

వీళ్లెవరూ కటిక పేదలు కారు. అందరికీ నెలనెలా జీతం వస్తుంది, అందరికీ ప్రభుత్వ వైద్యం ఉంది. సిగరెట్లు, కొలెస్ట్రాల్, రక్తపోటు లెక్కలన్నీ తీసేసినా తేడాలో పెద్ద భాగం అలాగే మిగిలింది. ఆ మిగిలిందేమిటో తేల్చడానికి 1985లో మైకేల్ మార్మట్ అనే పరిశోధకుడి నాయకత్వంలో రెండో అధ్యయనం మొదలైంది. ఈసారి మహిళలను కూడా కలుపుకొని 10,308 మందిని తీసుకున్నారు. అందులో పదేపదే బయటపడిన సంగతి, చేసే పని మీద తనకెంత పట్టుందన్నది. ఏ పని ముందు చెయ్యాలో, ఎలా చెయ్యాలో, ఎప్పుడు లేచి టీ తాగాలో కూడా తన చేతుల్లో లేనివాళ్లకు గుండె జబ్బు ముప్పు ఎక్కువగా కనిపించింది. దిగులు, ఆందోళన విషయంలోనూ పనితీరు, పైవాళ్ల ఆసరా గట్టి ప్రభావం చూపించాయి.

పని భారం ఒక్కటే మనిషిని కుంగదీయదని అమెరికన్ పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ 1979లోనే చెప్పాడు. భారం ఎక్కువై, నిర్ణయం తన చేతిలో లేనప్పుడే దెబ్బ తగులుతుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో అర్ధరాత్రి కాల్‌కి కూర్చునే ఇంజినీరుకీ, రేటింగ్ పడిపోతుందన్న భయంతో వానలో బండి నడిపే డెలివరీ కుర్రాడికీ, టార్గెట్లు మోసే బ్యాంకు ఉద్యోగికీ ఈ మాట ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఇలాంటి చోట ఏడాదికోసారి యోగా దినం జరిపి, కప్పు మీద ‘చిరునవ్వు చిందించండి’ అని అచ్చేయించి పంచితే ఒరిగేదేమీ లేదు. షిఫ్టు మార్చుకునే వీలు, సెలవు అడిగితే మొహం చిట్లించని మేనేజరు, తన పని గురించి తాను మాట్లాడే అవకాశం... మార్పు వచ్చేది వీటివల్లే.

కోతకు ముందు, కోత తర్వాత

చేతిలో డబ్బు లేని మనిషి తప్పుడు నిర్ణయాలు తీసుకుంటే ‘తెలివి తక్కువ’ అనేస్తాం. తమిళనాడు చెరకు రైతుల మీద ఆనంది మణి, సెంథిల్ ములైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ ఝావ్ చేసిన అధ్యయనం 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. చెరకు రైతుకు ఏడాది కష్టం మీద డబ్బు ఒక్కసారే చేతికొస్తుంది. కోతకు ముందు నెలల్లో అప్పులు, తాకట్లు, వాయిదాలు. కోత అయ్యాక కాస్త ఊపిరి. 54 ఊళ్లలో 464 మంది రైతులకు కోతకు ముందు ఒకసారి, కోత తర్వాత ఒకసారి తర్కం, ఏకాగ్రత పరీక్షలు పెట్టారు. అదే రైతు డబ్బు చేతికొచ్చాక మెరుగ్గా చేశాడు.

వాతావరణం వల్లో పని అలసట వల్లో ఈ తేడా వచ్చిందేమోనని అనుమానం రావచ్చు. చెరకుకు మిల్లు నుంచి కటింగ్ ఆర్డర్ అందరికీ ఒకేసారి రాదు. ఒకే ఊళ్లో ఒకరికి కోత అయిపోతే ఇంకొకరికి ఇంకా మొదలు కాదు. అందువల్ల ఆ అనుమానాలను చాలావరకు తోసిపుచ్చగలిగారు. ఈ ఫలితాల మీద ఆ పత్రికలోనే వాదోపవాదాలు కూడా నడిచాయి. అయినా మూలంలో ఉన్న మాట మన పల్లెల్లో తెలిసిందే. అప్పు తలలో తిరుగుతుంటే వేరే ఆలోచనకు చోటుండదు.

ఇండోనేసియాలో పేద కుటుంబాలకు నేరుగా నగదు అందించే పథకం అమలైన ప్రాంతాల్లో ఆత్మహత్యల రేటు 18 శాతం తగ్గిందని 2019లో వెలువడిన మరో అధ్యయనం తేల్చింది. ఇక్కడ ఎవరూ ఎవరికీ కౌన్సెలింగ్ ఇవ్వలేదు, ఇచ్చింది డబ్బే. భూమి తన పేరున లేక బ్యాంకు గడప ఎక్కలేని కౌలు రైతుకు పంట రుణం సకాలంలో అందించడం వ్యవసాయ శాఖ పనే కావచ్చు, దాన్ని మానసిక ఆరోగ్య కార్యక్రమంగా కూడా చూడాలి.

బడిలో ఓ డబ్బా, ఓ గోడపత్రిక

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఇంటర్ ఫలితాల వారం వస్తే తెలుగు రాష్ట్రాల్లో ప్రతి ఇంట్లో గుండె గుబగుబలాడుతుంది. అప్పుడు పిల్లలకు ధైర్యం చెబుతూ ప్రకటనలు వస్తాయి. మరుసటి వారం మళ్లీ ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు మొదలవుతాయి.

బిహార్‌లోని నలందా జిల్లాలో 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఒక ప్రయోగం జరిగింది. గోవాకు చెందిన ‘సంగత్’ సంస్థ పరిశోధకులు బడి వాతావరణాన్నే మార్చాలని చూశారు. ప్రార్థన సమావేశంలో మనసు గురించిన మాటలు, పేరు రాయకుండా ఫిర్యాదు వేయగలిగే డబ్బా, పిల్లలే నడిపే గోడపత్రిక, పోటీలు, కావాలంటే విడిగా కూర్చుని మాట్లాడే అవకాశం... ఇవే వాళ్ల సరంజామా. కొన్ని బడుల్లో ఈ పనిని శిక్షణ పొందిన స్థానిక యువతీయువకులకు అప్పగించారు. మరికొన్ని బడుల్లో అక్కడి ఉపాధ్యాయులకే అదనపు బాధ్యతగా ఇచ్చారు. మిగతా బడుల్లో మామూలు పాఠాలే.

2018లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన ఫలితాలు చూడండి. బడి బయటి నుంచి వచ్చిన ఆ యువతీయువకులు పనిచేసిన బడుల్లో పిల్లల దిగులు తగ్గింది, తోటివాళ్లను ఏడిపించడం తగ్గింది, టీచర్లతో సంబంధాలు మెరుగయ్యాయి. ఉపాధ్యాయులకు అప్పగించిన బడుల్లో ఏ మార్పూ లేదు. తర్వాతి ఏడాది చూసినా అదే పరిస్థితి. కారణం ఊహించడం పెద్ద కష్టం కాదు. పాఠం చెప్పి, మార్కులు వేసి, బెత్తం పట్టే చేతికే మనసు విప్పి చూపించమంటే ఏ పిల్లాడు చూపిస్తాడు? మన కార్పొరేట్ కాలేజీల్లో ఫ్లోర్ ఇన్‌ఛార్జికే ‘కౌన్సెలర్’ అని బోర్డు తగిలించేవాళ్లు ఈ నలందా ఫలితాన్ని గుర్తుంచుకోవాలి.

వృద్ధాశ్రమంలో మొక్క ఎవరిది?

1970లలో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని కనెక్టికట్‌లో ఆర్డెన్ హౌస్ అనే వృద్ధుల సంరక్షణాలయానికి వెళ్లారు. రెండు అంతస్తుల్లో ఉన్నవాళ్లకూ మొక్కలిచ్చారు, సినిమా చూపించారు. ఒక అంతస్తులో ‘మొక్క మీకు నచ్చింది ఎంచుకోండి, మీరే పెంచండి, సినిమా ఏ రోజు చూస్తారో మీరే చెప్పండి, గదిలో సామాను మీ ఇష్టప్రకారం సర్దుకోండి’ అన్నారు. ఇంకో అంతస్తులో ‘మొక్కకు నీళ్లు నర్సులు పోస్తారు, సినిమా ఫలానా రోజు ఉంటుంది, మీకే లోటూ రానివ్వం’ అన్నారు.

రెండు మాటలూ ప్రేమగా చెప్పినవే. మూడు వారాల తర్వాత మొదటి అంతస్తువాళ్లు హుషారుగా, నలుగురిలో కలుస్తూ కనిపించారు. రెండో అంతస్తులో ఎక్కువమంది ఇంకా నీరసించారు. ఏడాదిన్నర తర్వాత చూసినా మొదటివాళ్లే మెరుగ్గా ఉన్నారు. మరణాల్లోనూ తేడా కనిపించినా, పరీక్షించింది కొద్దిమందినే కాబట్టి ఆ అంకెను మరీ లాగకూడదు. మొక్క సంగతిని పట్టుకుంటే చాలు. మన ఇళ్లలో పెద్దవాళ్లను ‘మీరు కదలకండి, అన్నీ మేం చూసుకుంటాం’ అని గౌరవంగా కూర్చోబెడతాం. కూరగాయలు తరగనివ్వం, బ్యాంకుకు వెళ్లనివ్వం, టీవీ రిమోట్ కూడా మనవడి చేతిలో పెడతాం. సేవ చేస్తున్నామనుకుంటూ వాళ్ల చేతిలోంచి రోజును లాగేసుకుంటాం.

ఆ రోజుల్లోనే రిచర్డ్ షుల్జ్ అనే పరిశోధకుడు ఇంకో ప్రయోగం చేశాడు. వృద్ధాశ్రమానికి కాలేజీ విద్యార్థులను పలకరించడానికి పంపాడు. ఎప్పుడు రావాలో, ఎంతసేపు ఉండాలో కొందరు పెద్దవాళ్లే నిర్ణయించారు. ఇంకొందరికి ఎప్పుడు వస్తారో ముందే చెప్పారు. ఈ రెండు బృందాలూ బాగా కోలుకున్నాయి. ప్రయోగం అయిపోయి విద్యార్థులు రావడం మానేశాక మాత్రం బాగా కోలుకున్నవాళ్లే ఎక్కువగా దిగజారారు. పుట్టినరోజున వృద్ధాశ్రమానికి వెళ్లి, కేకు కోయించి, భోజనం పెట్టించి, ఫొటోలు తీసుకుని మళ్లీ ఏడాది దాకా కనిపించని మనందరికీ ఇదొక హెచ్చరిక. ఒక్కరోజు వెయ్యి మందికి అన్నదానం చేసేకన్నా, ఒక్కరి దగ్గరికి వారం వారం చెప్పిన టైముకు వెళ్లడం మేలు.

నలుగురూ ఉన్నారా?

1938లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం 268 మంది విద్యార్థుల మీద ఒక అధ్యయనం మొదలుపెట్టింది. అటుపక్క బోస్టన్ పేటల్లో పుట్టిన 456 మంది కుర్రాళ్ల మీద ఇంకొకటి నడిచింది. తర్వాత రెండూ కలిసిపోయి, ఇప్పుడు వాళ్ల పిల్లల దాకా సాగుతున్నాయి. దాని ప్రస్తుత సారథి రాబర్ట్ వాల్డింగర్ బృందం చెప్పేదాని ప్రకారం, యాభై ఏళ్ల వయసులో ఎవరు తమ సంబంధాలతో తృప్తిగా ఉన్నారో వాళ్లే ఎనభై ఏళ్లకు ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారు. కొలెస్ట్రాల్ అంకె కన్నా ఈ తృప్తే ముందుగా జాడ చెప్పింది. 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టడ్ 148 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే, మనుషులతో గట్టి సంబంధాలున్నవాళ్లు ఆయా కాలాల్లో బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది.

కోల్‌కతా మురికివాడల్లో, ఫుట్‌పాత్‌ల మీద ఉండేవాళ్లను రాబర్ట్ బిస్వాస్-డీనర్, ఆయన తండ్రి ఎడ్ డీనర్ పలకరించి 2001లో రాసిన పత్రం కూడా ఈ మాటే చెబుతుంది. మొత్తం జీవితం మీద వాళ్ల తృప్తి మామూలు కన్నా కాస్త తక్కువే. కుటుంబం, స్నేహితుల గురించి అడిగితే మాత్రం మార్కులు బాగా వేశారు. పేదరికం మంచిదని దీనర్థం కాదు. అన్నీ కరువైన చోట కూడా మనుషులు ఒకరికొకరు ఆసరా అయితే మనసు పూర్తిగా కూలిపోదని మాత్రమే అర్థం.

తెలుగువాళ్లకు ఇది ఎక్కడ తగులుతుందో చెప్పనక్కర్లేదు. పిల్లలు డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉంటారు. విజయవాడలో మూడు బెడ్‌రూముల ఫ్లాట్‌లో అమ్మానాన్నలు ఇద్దరే. ఆదివారం వీడియో కాల్ వస్తుంది, మందుల డబ్బా ఆన్‌లైన్‌లో వస్తుంది. కరెంటు పోతే తలుపు తట్టి అడిగేవాళ్లుండరు. అటు అమెరికాలో ఉన్న బిడ్డ కూడా వీసా, ఉద్యోగం భయాలను ఇంట్లో చెప్పుకోలేక ‘బాగానే ఉన్నా అమ్మా’ అంటుంది. రెండు వైపులా దాపరికమే. ఆ ఫోన్ కాల్‌ను మెరుగుపరుచుకోవడం ఎంత అవసరమో, ఇద్దరికీ తామున్న ఊళ్లోనే తలుపు తట్టే మనుషుల్ని సంపాదించుకోవడం అంతకన్నా అవసరం.

గుడారాల్లో కుటుంబాలు

ఆసుపత్రి గది కూడా ఒక చోటే. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మంది రికార్డులను రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు 1984లో పోల్చి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్నవాళ్లు, ఇటుక గోడ కనిపించే గదుల్లో ఉన్నవాళ్ల కన్నా ముందే ఇంటికెళ్లారు. ఘాటైన నొప్పి మందులు కూడా తక్కువే వాడారు.

మానసిక ఆసుపత్రుల విషయంలో మన దేశమే ప్రపంచానికి ఒక పాఠం చెప్పింది. రోగిని గోడల మధ్య వదిలేసి కుటుంబం వెళ్లిపోవడమే పద్ధతిగా ఉన్న 1950లలో, అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి కుటుంబ సభ్యులను రోగి పక్కనే ఉండనిచ్చారు. వండిపెట్టడం, మందులు వేయడం, జబ్బేమిటో తెలుసుకోవడం అక్కడే జరిగిపోయేది. రోగులు త్వరగా ఇళ్లకు చేరారు, ఇంట్లోవాళ్లకూ భయం తగ్గింది. మన దగ్గర ఇప్పటికీ ‘ఎర్రగడ్డకు పంపించాలి’ అన్నది ఎగతాళి మాటే. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి గేటు దాటడానికే జనం జంకుతున్నారంటే చికిత్స ఆలస్యం కావడంలో తప్పు రోగిది కాదు.

డాక్టరు లేని ఊళ్లో ఆశా అక్క

2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. ఇంతమందికి సైకియాట్రిస్టులను ఎక్కడినుంచి తెస్తాం?

జింబాబ్వే రాజధాని హరారేలో డాక్టర్ డిక్సన్ చిబండ ఈ ప్రశ్నకు 2006లో ఓ దారి కనిపెట్టారు. ఆరోగ్య కేంద్రం బయట చెట్టు కింద బెంచీ వేసి, శిక్షణ పొందిన నాయనమ్మల్ని కూర్చోబెట్టారు. వాళ్లు జబ్బు పేరు చెప్పరు. ‘ఏమైందమ్మా’ అని అడుగుతారు, పూర్తిగా వింటారు, ఉన్న సమస్యల్లో ముందు దేన్ని పట్టుకుందామో తేల్చుకునేలా చేస్తారు. 573 మందితో జరిపి 2016లో ప్రచురించిన పరీక్షలో, ఆరు నెలల తర్వాత బెంచీ మీద కూర్చున్నవాళ్ల దిగులు, ఆందోళన మామూలు చికిత్స పొందినవాళ్ల కన్నా బాగా తగ్గాయి. గోవాలో విక్రమ్ పటేల్ బృందం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, డిగ్రీల్లేని స్థానికులకు శిక్షణిచ్చి ఆరు నుంచి ఎనిమిది విడతల్లో రోగులతో మాట్లాడించింది. 2017 నాటి ఆ ఫలితాల్లో వాళ్ల సాయం అందుకున్నవాళ్లలో 64 శాతం మంది తీవ్రమైన దిగులు నుంచి బయటపడ్డారు. అందుకోనివాళ్లలో అది 39 శాతం.

ఈ దారి మన గోదావరి పల్లెల దాకా కూడా వచ్చింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థవాళ్లు పశ్చిమ గోదావరి జిల్లాలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చారు. ఇంటింటికీ వెళ్లి, నిద్ర పడుతోందా, తిండి సయిస్తోందా, పనుల మీద ఆసక్తి ఉందా, బతుకు మీద విసుగు పుడుతోందా అని అడగడం ఆశా అక్క పని. సమస్య ఉందనిపిస్తే పీహెచ్‌సీకి పంపుతుంది, అక్కడి డాక్టరుకు ఏం చెయ్యాలో ట్యాబ్ దారి చూపిస్తుంది, తర్వాత మందులు వాడుతున్నారో లేదో అక్కే మళ్లీ ఇంటికెళ్లి కనుక్కుంటుంది. దీనికి తోడు, మానసిక జబ్బు అంటే సిగ్గు పడాల్సిన పనిలేదని నాటకాలు, వీడియోలతో ఊళ్లో చెప్పారు. ఆ తర్వాత ఇదే పద్ధతిని పశ్చిమ గోదావరితోపాటు హరియాణాలోనూ పెద్ద ఎత్తున పరీక్షించారు. ఏడాది తిరిగేసరికి ఈ సేవలందిన ఊళ్లలో దిగులు లక్షణాలు మిగతా ఊళ్ల కన్నా ఎక్కువగా తగ్గాయి. బీపీ, షుగర్ చూసే అక్కే మనసు గురించీ అడిగేసరికి ‘నలుగురూ ఏమనుకుంటారో’ అన్న భయం కొంత తగ్గింది.

మందులు వద్దని కాదు

చోటు మారితే అన్నీ నయమైపోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. స్కిజోఫ్రీనియా, బైపోలార్, తీవ్రమైన డిప్రెషన్‌కు మందులు కావాలి, డాక్టరు కావాలి. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరిలో ఒకరికే జబ్బు రావచ్చు. వంశపారంపర్యం, మెదడులో మార్పులు, చిన్ననాటి గాయాలు... అన్నిటికీ భాగముంటుంది. మంచి చోటు అందరి జబ్బునూ ఆపలేదు. చెడ్డ చోటు మాత్రం కోలుకుంటున్నవాణ్ని కూడా వెనక్కి లాగుతుంది.

సాయం ఎప్పుడు అడగాలి?

* దిగులు, నిరాసక్తత రెండు వారాలకు మించి దాదాపు రోజూ ఉంటే
* నిద్ర, ఆకలి బాగా తగ్గినా, మితిమీరినా
* చదువు, ఉద్యోగం, ఇంటి పని మునుపటిలా చేయలేకపోతుంటే
* అకారణంగా గుండె దడ, ఊపిరి ఆడనట్లు ఉండటం, భయం పదేపదే వస్తుంటే
* లేని మాటలు వినిపించడం, అందరూ తనకు కీడు తలపెడుతున్నారనిపించడం మొదలైతే
* చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు, ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు

చోటు మీ చేతిలో ఉందా?

ఈ పరిశోధనలన్నీ చివరికి అడిగేవి మూడే ప్రశ్నలు. ఇక్కడ ఈ మనిషిని పలకరించేవాళ్లున్నారా? ఇక్కడ ఈ మనిషి మాట చెల్లుతుందా? ఇక్కడ ఈ మనిషికి తనదనే పని ఏదైనా ఉందా? మూడింటికీ ‘లేదు’ అనే జవాబొస్తే, అక్కడ ఎంత గట్టి మనసైనా ఎక్కువ కాలం నిలవదు.

మనలో ప్రతి ఒక్కరి చేతిలో ఏదో ఒక చోటు ఉంటుంది. ప్రిన్సిపల్ చేతిలో హాస్టల్, మేనేజరు చేతిలో టీమ్, సర్పంచి చేతిలో ఊరు, ఇంటి పెద్ద చేతిలో ఇల్లు. ఎవరికి వాళ్లు తమ చోటుకు ఈ మూడు ప్రశ్నలూ వేసుకుని, ‘లేదు’ అన్నచోట ఒక్క మార్పు ఈ నెలలోనే చేయండి. ఇక మీ మనసే బాగోలేకపోతే టెలి మానస్ నంబరు 14416 కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, రాత్రీ పగలూ అందుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.